సూత్రమునకును వాడుకకును నడుమ సి భాష

భాష పుట్టిన తరువాతనే వ్యాకరణము పుట్టును. లక్ష్యము ముందు, లక్షణము వెనుక. ఈ క్రమము నెరుగనివారు లేరు. అయినను సూత్రము ఒకసారి గ్రంథస్థమైన పిమ్మట కథ తలక్రిందులగును. నిన్నటివరకు వాడుకను చూచి నడచిన వ్యాకరణము నేడు వాడుకనే నడుపబూనును. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. సుమారు అర్ధశతాబ్ది గడచిన పిమ్మట గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికభాష పక్షమున వాదమునకు దిగినప్పుడు ఆంధ్రదేశపు పండితలోకము రెండుగా చీలినది. సూత్రము గొప్పదా, ప్రయోగము గొప్పదా అను ఆ తగవు మనకు క్రొత్త కాదు. అది మనుష్యులు మాటలాడు భాషలకు మాత్రమే పరిమితమైనదియు కాదు. యంత్రములకు ఆజ్ఞ లిచ్చుటకై మనుష్యులు కల్పించుకొన్న భాషలలోను అదే తగవు నడచుచున్నది. అక్కడ మాత్రము సూత్రము తప్పినవానిని పండితులు పరిహసించి వదలుటతో వ్యవహారము ముగియదు. పాట చెడును, లెక్క తప్పును, ఒక్కొక్కప్పుడు తలుపు గడియ ఊడి పరులు లోనికి వత్తురు.

అట్టి భాషలలో సి అను ఏకాక్షరనామము గల భాష ఒకటి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున దీనిని రూపొందించినాడు. యూనిక్స్ అను కార్యనిర్వాహక వ్యవస్థను వ్రాయుటకు పనికివచ్చిన ఈ భాష, ఆ వ్యవస్థతోపాటు ఊరూరికి వ్యాపించినది. 1978లో బ్రయన్ కెర్నిహాన్, రిచీ కలిసి వ్రాసిన పుస్తకమే చాలకాలము దీనికి లక్షణగ్రంథముగా చెల్లినది. కాని ఒక పుస్తకమును పదిమంది పదివిధములుగా అర్థము చేసికొందురు. ఒక సంస్థవారి యంత్రముపై నడచిన ప్రోగ్రాము మరియొకరి యంత్రముపై నడవకపోవుట పరిపాటి అయినది. అందుచే 1983లో అమెరికా జాతీయ ప్రమాణసంస్థ ఒక సంఘమును ఏర్పరచినది. ఆ సంఘపు కృషిఫలముగా 1989లో సి భాషకు ప్రమాణము వెలసినది. మరుసటి సంవత్సరము అదే అంతర్జాతీయ ప్రమాణమైనది. తరువాత 1999, 2011, 2018, 2024 సంవత్సరములలో దాని నూతన ముద్రణలు వచ్చినవి.

ఆ సంఘమువారు ప్రమాణముతోపాటు ఒక హేతువివరణమును గూడ ప్రకటించినారు. అందులో ప్రమాణమును వారు ఒక ఒడంబడికతో పోల్చినారు. ఒక పక్షమున భాషను, దాని పరికరములను నిర్మించువాడు; రెండవ పక్షమున ఆ భాషలో ప్రోగ్రాములు వ్రాయువాడు. ఈ ఇరువురును ఒకరినొకరు ఎన్నడును చూచి యుండరు. ఒకడు ఒక ఖండమున, మరియొకడు మరియొక ఖండమున. ఒకడు నేడు, మరియొకడు ముప్పది సంవత్సరముల తరువాత. వారిని కలుపునది ఆ కాగితము ఒక్కటియే. అదే వివరణములో మరియొక ధర్మమును గూడ వారు చాటినారు: వ్రాసియున్న ప్రోగ్రాములు ముఖ్యము, వానిని నడుపు పరికరములు అంత ముఖ్యము కావు అని. ఈ రెండు మాటలును వేరువేరుగా వినుటకు సొంపుగా నున్నవి. కలిసి వచ్చినప్పుడే చిక్కు.

ఈ చిక్కు మిక్కిలి తీవ్రముగా కనబడునది లైబ్రరీ అడుగుభాగమున. సి భాషలో ప్రతి ప్రోగ్రామును కొన్ని సిద్ధమైన పనివాండ్రను పిలుచుకొనును. వీనిని ఫంక్షన్లు అందురు. ఒకటి బైట్లను ఒకచోటినుండి మరియొకచోటికి ప్రతి తీయును. ఒకటి పంక్తిని చదువును. ఒకటి మెమొరీలో చోటు కొలిచి ఇచ్చును. ఇవి చూచుటకు అల్పములు. కాని ఇంటి పునాదిలోని రాయి వంటివి. ఎవరును వానివంక చూడరు. అన్నియు వానిమీదనే నిలిచియుండును. ఇందులో ఒకదానిని అంగుళము కదిపినచో పైయంతస్తులో ఎక్కడనో గోడ బీటలు వారును.

ప్రమాణము అన్నిటిని గూర్చియు చెప్పదు. కొన్నిచోట్ల మౌనము వహించును. ఆ మౌనము మూడు విధములు. రెంటిలో ఏదైనను జరుగవచ్చును, ఏది జరిగినదో చెప్పనక్కర లేదనుట మొదటిది. నిర్మించువాడు తన ఇచ్చవచ్చినట్లు చేయవచ్చును గాని, చేసినదానిని వ్రాసి తెలుపవలెననుట రెండవది. వ్యాకరణము చదివినవారికి ఇవి వింతగా తోచవు. వైకల్పికమని మనకును ఉన్నది. బహుళమని సూత్రకారుడు ఒక్కమాట అన్నచో, కార్యము ఒకచోట నిత్యముగా వచ్చుననియు, ఒకచోట వికల్పమగుననియు, ఒకచోట రాదనియు, ఒకచోట మరియొకటియే జరుగుననియు మనము గ్రహింతుము. మూడవ మౌనమునకు మాత్రము మన వ్యాకరణములో సాటి లేదు. దానిని అనిర్వచితమనవచ్చును. ఈ నియమమును మీరినచో ఏమి జరుగునో ప్రమాణము చెప్పదు. ఏది జరిగినను అడుగు హక్కు నీకు లేదని మాత్రము చెప్పును. అపశబ్దమును పలికినవాని భావమును వినువాడు సహృదయుడై గ్రహించును. యంత్రమునకు సహృదయత లేదు. ఇంతకంటె ప్రమాదకరమైన విషయము మరియొకటి కలదు. అనిర్వచితమైనది తరచుగా చక్కగనే పనిచేయును. సంవత్సరముల తరబడి పనిచేయును. ఒకనాడు చేయదు.

2010వ సంవత్సరమున జరిగినది అదియే. బైట్లను ప్రతి తీయు ఫంక్షన్లు సి భాషలో రెండున్నవి: మెమ్‌కాపీ, మెమ్‌మూవ్. తీయుచోటును, పెట్టుచోటును ఒకదానిపై నొకటి పడినప్పుడు మెమ్‌మూవ్‌ను మాత్రమే వాడవలెనని 1989 ప్రమాణమే శాసించినది. మెమ్‌కాపీ అట్టిచోట అనిర్వచితము. ఈ భేద మెందులకో ఒక తాటాకును తలచుకొన్నచో తెలియును. ఆకుపై వరుసగా ఎనిమిది గళ్లున్నవి. మూడవ గడి మొదలు ఎనిమిదవ గడి వరకు ఆరు అక్షరములున్నవి. వానిని రెండు గళ్లు ఎడమకు జరిపి, ఒకటి మొదలు ఆరువరకు వ్రాయవలెను. ఎడమనుండి మొదలిడి మూడవదానిని ఒకటిలో, నాలుగవదానిని రెండులో వ్రాసికొనుచు పోయినచో చిక్కు లేదు. కుడినుండి మొదలిడినచో ఎనిమిదవదానిని ఆరవ గడిలో వ్రాయగానే, అచ్చట ఇంకను ప్రతి తీయవలసియున్న అక్షరము చెరిగిపోవును. మెమ్‌మూవ్ ముందుగా ఏ దిక్కున పోవలెనో చూచుకొని పోవును. మెమ్‌కాపీకి ఆ బాధ్యత లేదు. అందుకే అది మరింత స్వేచ్ఛగా, మరింత వేగముగా పోవచ్చును.

లినక్స్ వ్యవస్థలలో విస్తారముగా వాడబడు గ్నూ సి లైబ్రరీలో మెమ్‌కాపీ చాలకాలము ఎడమనుండి కుడికే నడచినది. కావున గళ్లను ఎడమకు జరుపువారు మెమ్‌కాపీనే వాడినను ఫలితము సరిగనే వచ్చెడిది. తప్పు చెల్లిపోయినది. చెల్లిన తప్పు వాడుక అయినది. 2010లో కొన్ని నూతన ప్రాసెసర్లపై వేగము పెరుగుటకై ఈ ఫంక్షనును తిరిగి వ్రాసినప్పుడు, కొన్ని సందర్భములలో అది కుడినుండి ఎడమకు ప్రతి తీయసాగినది. ఇందులో సూత్రభంగ మేమియు లేదు. అయినను ఆ సంవత్సరము ఫెడోరా 14 అను లినక్స్ వ్యవస్థను వాడినవారు ఫ్లాష్ ద్వారా సంగీతము విన్నప్పుడు స్వరము వికృతమై వినబడినది. అడోబీ సంస్థవారి ఆ ప్రోగ్రాము ఒకదానిపై నొకటి పడు చోట్ల మధ్య మెమ్‌కాపీని వాడుచుండినది.

తప్పెవరిది? లైబ్రరీ పక్షమువారి వాదము సులభము. ఒడంబడికలో ఉన్నది స్పష్టము, మీరినవాడు అనుభవించవలెను. మీరినవానిని కాపాడుటకై, మీరనివారందరి పనిని మందగింపజేయుట న్యాయము కాదు. రెండవ పక్షమున లినక్స్ కేంద్రభాగమును నిర్మించిన లైనస్ టోర్వాల్డ్స్ నిలిచినాడు. దోషము మెమ్‌కాపీ వద్ద ఉన్నదని పరీక్షించి చూచి, వాడువాని యంత్రముపై నిన్న పలికిన పాట నేడు పలుకకపోవుటను ప్రమాణమును చూపి సమర్థించుట తగదని ఆయన వాదించినాడు. ఫ్లాష్ ప్రోగ్రాము యొక్క మూలపాఠము వాడువానివద్ద లేదు. దానిని అతడు సవరించుకొనలేడు. సూత్రము తెలియనివాడు, సూత్రమును మీరనివాడు, తుదకు ఫలము అనుభవించినవాడు అతడే.

ఈ వివాదములో ఒక పక్షము గెలిచి మరియొకటి ఓడుటకు బదులు, 2011లో వెలువడిన గ్నూ లైబ్రరీ 2.14 కూర్పునందు మూడవ మార్గము తెరచినారు. ఆ లైబ్రరీలో ఒకే పేరు గల ఫంక్షనుకు కాలమునుబట్టి వేరువేరు రూపములు ఉండుటకు వీలున్నది. ఒక ప్రోగ్రాము తయారైననాడు ఏ కూర్పుతో ముడిపడినదో ఆ గుర్తు దానియందే నిలిచియుండును. ఆ ఏర్పాటుచే, పూర్వము తయారైన ప్రోగ్రాములు మెమ్‌కాపీ అని పిలిచినప్పుడు వానికి మెమ్‌మూవ్ వంటి జాగ్రత్త గల రూపము పలుకును. క్రొత్తగా తయారైనవానికి స్వేచ్ఛగల నూతనరూపము పలుకును. ప్రాచీనకావ్యమును అది పుట్టిన కాలపు వ్యాకరణముతో చదువుట, నేటి రచనను నేటి సూత్రముతో తూచుట వంటిది ఇది. సూత్రము చెక్కు చెదరలేదు. నమ్మినవాడును చెడలేదు.

అన్నిచోట్లను ఇట్టి సంధి సాధ్యము కాదు. గెట్స్ అను ఫంక్షను కథ వేరు. అది ఒక పంక్తిని చదివి, ప్రోగ్రాము చూపిన చోట నింపును. కాని ఆ చోటు ఎంత పెద్దదో దానికి చెప్పుటకు మార్గమే లేదు. ఎంత వచ్చిన అంత నింపును. గిన్నె నిండినను పోయుట మానదు. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ వదలిన పురుగు కొన్నివేల యంత్రములను స్తంభింపజేసినది. దాని మార్గములలో ఒకటి ఇదియే. యంత్రములలో ఎవరున్నారో తెలుపు ఫింగర్ అను సేవ, 512 బైట్ల చోటులోనికి గెట్స్‌తో పంక్తిని చదువుచుండెను. పురుగు 536 బైట్లు పంపినది. పొరలిన బైట్లు ఆ ప్రోగ్రాము మరలిపోవలసిన దారినే మార్చివేసినవి. ఇంత జరిగినను మరుసటి సంవత్సరమున వెలువడిన ప్రమాణములో గెట్స్ నిలిచియున్నది. వ్రాసియున్న ప్రోగ్రాములు ముఖ్యము కదా! చోటెంతో చెప్పి పిలువదగిన ఎఫ్‌గెట్స్ ప్రక్కనే ఉన్నది. అయినను పాతదానిని తొలగించుటకు చేయి రాలేదు. 2011 ప్రమాణముతో గాని అది తొలగలేదు. ఇచ్చట లైబ్రరీ ఎంత నిష్ఠతో సూత్రమును పాటించినను ప్రయోజనము లేదు; ఏలయన దోషము సూత్రమునందే ఉన్నది. ప్రమాణమునకు లోబడుట వేరు, మేలు చేయుట వేరు అని గెట్స్ మనకు నేర్పుచున్నది.

సూత్రము తడబడిన కథ మరియొకటి. రీఅలాక్ అను ఫంక్షను పూర్వము తీసికొన్న చోటును పెంచి గాని తగ్గించి గాని ఇచ్చును. దానిని సున్న బైట్లకు తగ్గింపుమని కోరినచో ఏమి చేయవలెను? ఆ చోటు విడుదలయగునని 1989 ప్రమాణము స్పష్టముగా చెప్పినది. 1999 ప్రమాణములో ఆ వాక్యము కనబడదు. ఒక లైబ్రరీ పాతచోటును విడిచిపెట్టి శూన్యమును తిరిగి ఇచ్చినది. గ్నూ లైబ్రరీ పద్ధతి ఇది. మరియొక లైబ్రరీ అతి చిన్నచోటు నొకదానిని ఇచ్చినది. శూన్యము వచ్చినప్పుడు ప్రోగ్రాము ఏమనుకొనవలెను? చోటు దొరకలేదు కాబోలు, పాతది ఇంకను నాదే అనుకొన్నచో, దానిని తరువాత మరల విడిచిపెట్టును. ఒకమారు విడిచినదానిని రెండవమారు విడుచుట మెమొరీ లెక్కలనే చెరచును. కుతంత్రులకు అదియే సందు. వేరువేరు లైబ్రరీలను ఒక్కత్రోవకు తెచ్చుట సాధ్యము కాక, 2018 ముద్రణము దీనిని నిర్మించువాని ఇచ్చకు వదలినది. 2024 ముద్రణము దీనిని అనిర్వచితములలో చేర్చినది. అనగా ముప్పదియైదేండ్ల క్రిందట స్పష్టముగా పలికిన సూత్రము తుదకు మౌనమును ఆశ్రయించినది. 1989నాటి మాటను నమ్మి న్యాయముగా వ్రాసిన ప్రోగ్రాము, ఒక్క అక్షరము మారకయే నేటి లెక్కలో అపరాధి అయినది. లక్ష్యము లక్షణమును తప్పిన కథలు పెక్కు వింటిమి. లక్షణమే తన లక్ష్యమును విడనాడిన కథ ఇది.

ఇందుకు ప్రతిగా సూత్రము దిగివచ్చిన సందర్భమును గూడ చెప్పవలెను. మెమ్‌కాపీకి ఇచ్చు చిరునామా శూన్యము కారాదని నియమము. ప్రతి తీయవలసిన బైట్లు సున్న అయినప్పటికిని ఈ నియమము వర్తించును. సున్న బైట్లను ప్రతి తీయుట అనగా ఏమియు చేయకుండుట. అందు హాని యేమని లోకము తలచినది. కాని తర్కకుశలమైన కంపైలరు మరియొక విధముగా ఆలోచించును. ఈ చిరునామా మెమ్‌కాపీకి వెళ్లినది, శూన్యమైనది వెళ్లరాదు, కావున ఇది శూన్యము కాదు. ఇట్లు నిశ్చయించి, ఆ తరువాత ప్రోగ్రాములో శూన్యమును కనిపెట్టుటకై ఉంచిన కాపలాను అనవసరమని తొలగించును. తర్కములో దోషము లేదు. ఇల్లు మాత్రము కాపలా లేనిదైనది. ఈ స్థితిని గమనించి, బైట్లు సున్న అయినప్పుడు శూన్యమైన చిరునామాయు చెల్లునని ప్రమాణసంఘము 2024లో రాబోవు ముద్రణపు చిత్తుప్రతికై అంగీకరించినది. లోకము పలుకుచున్నదానిలో దోషము లేనప్పుడు సూత్రమే సవరించుకొనుట లక్షణకర్తకు అవమానము కాదు.

ఈ తగవులు దూరదేశములందలి నిపుణులవి, తెలుగువారికి వీనితో ఏమి పని యని తలచుటకు వీలు లేదు. యంత్రములలో తెలుగు లిపి యుటిఎఫ్-8 అను పద్ధతిలో నిలిచినప్పుడు, ప్రతి సంకేతమునకు మూడు బైట్లు పట్టును. తెలుగు అను మాటలో మనకు కనబడునవి మూడక్షరములు, గుణింతపు గుర్తులను వేరుగా లెక్కించినచో ఆరు సంకేతములు, బైట్లు పదునెనిమిది. స్ట్ర్‌లెన్ అను ఫంక్షనును ఈ మాట పొడవెంత అని అడిగినచో 18 అని చెప్పును. అది తప్పు కాదు. అది బైట్లను లెక్కింపవలెననియే ప్రమాణము. ఇంతకంటె గూఢమైనది ఈజ్‌ఆల్ఫా అను ఫంక్షను. ఇది అక్షరమా కాదా అని అడిగినప్పుడు అది ఒక పట్టికలో చూచి చెప్పును. దానికి ఇచ్చు సంఖ్య 0 మొదలు 255 లోపల ఉండవలెను. లేదా ఫైలు ముగిసినదని తెలుపు ప్రత్యేక సంఖ్య కావలెను. కాని చాల యంత్రములలో సి భాష బైటును ఋణసంఖ్యలతో గూడ లెక్కించును. తెలుగు సంకేతములో మొదటి బైటు విలువ 224. అట్టి యంత్రము దానిని ఋణ 32గా చదువును. అనగా తెలుగు మాటను ఉన్నదున్నట్లు ఈ ఫంక్షనుకు అందించిన ప్రోగ్రాము, పట్టిక మొదటిపుటకు ముందున్న పుటను తెరువబోవును. అంగ్లాక్షరములన్నియు 127 లోపల నుండుటచే, ఆ భాష మాత్రమే ఎరిగినవానికి ఈ తప్పు జన్మలో బయటపడదు. తెలుగు వచ్చిననాడు బయటపడును.

గ్నూ లైబ్రరీవారు ఇచ్చట దయ చూపినారు. పట్టికను ఋణ 128 వరకు వెనుకకు పొడిగించినారు. తప్పుగా తెరచినను అచ్చట కాగితమున్నది. ప్రమాణము దీనిని కోరలేదు, నిషేధింపనూ లేదు. అయినను మరియొక లైబ్రరీలో ఈ దయ ఉండునని భరోసా లేదు. కావున బైటును ముందుగా ధనసంఖ్యగా మార్చి ఇచ్చుట ప్రోగ్రాము వ్రాయువాని విధియే. ఇరుపక్షములును ఒడంబడికలోని తమతమ భాగమును నెరవేర్చుటతోపాటు ఎదుటివాని పొరపాటునకు గూడ కొంత చోటు వదలినప్పుడే ఈ అడుగురాళ్లు నిలుచును.

ఈ కథలన్నిటిని కలిపి చూచినచో, ప్రమాణమునకు లోబడుట అనునది ఒక్కమారు సాధించి ముగించు కార్యము కాదని తేలుచున్నది. గెట్స్ విషయమున సూత్రము తన దోషమును దిద్దుకొనవలసివచ్చినది, ఆలస్యముగా. రీఅలాక్ విషయమున మాట తప్పినది. సున్న బైట్ల విషయమున వాడుకకు తలయొగ్గినది. మెమ్‌కాపీ విషయమున మాత్రమే సూత్రమును, వాడుకయు రెండును బ్రతికినవి. అందుకు కారణము లైబ్రరీని వ్రాసినవారు రెంటికిని చెరియొక రూపమును పదిలపరచుటకు శ్రమపడుట. సూత్రమును చూపి చేతులు దులుపుకొనుట సులువు. వాడుకను సాకుగా చూపి సూత్రమును గాలికి వదలుటయు సులువే. సూత్రమును నిలుపుచు, దానిని ఎరుగక నమ్మినవానిని గూడ నిలుపుట కష్టము. తన పేరు ఎరుగని లక్షలమంది యంత్రములలో నిత్యము నడచు పది పంక్తులను వ్రాయువానిపై పడిన భారము ఇదియే.